బారికి దగ్గర ఉండిపోయిన పేరు

పదవీ విరమణకు ముందు చివరి శీతాకాలం, అరకులోయలో డిప్యూటీ తహసీల్దారుగా ఉండగా నాకొక ఉత్తర్వు అందింది. కృత్రిమ మేధ భద్రతపై ఉమ్మడి నియమాలు రాసుకుంటున్న కొన్ని దేశాల ప్రతినిధులు విశాఖపట్నంలో సమావేశమై, ఒకరోజు మా మండలానికి కూడా వస్తారనీ, వాళ్ళకు నేను అనుసంధాన అధికారిగానూ దుబాసీగానూ ఉండాలనీ దాని సారాంశం. డిప్యూటీ తహసీల్దారంటే తహసీల్దారుకు కింది మెట్టు. కుల ధ్రువపత్రాలు, భూమి తగాదాలు, వరద నష్టం అంచనాలు మా పని. దేశాల మధ్య ఒప్పందాలు కాదు. నన్ను ఎంచుకోవడానికి కారణం, కొండల్లో మాట్లాడే ఆదివాసీ ఒడియా నాకు రావడం, ఇంగ్లీషు కూడా రావడం.

ఆ ఇంగ్లీషు కాలేజీలో వచ్చింది కాదు. ఇంటర్‌తో చదువు ఆపి జూనియర్ అసిస్టెంటుగా చేరాను. ఏ ఊరికి బదిలీ అయినా ముందు గ్రంథాలయం ఎక్కడని అడిగేవాణ్ణి. కొయ్యూరులో ఉన్నప్పుడు అణు ఒప్పందాల గురించీ, జి.మాడుగులలో విమాన ప్రమాదాల విచారణ గురించీ పుస్తకాలు తెప్పించుకుని చదివాను. అవి ఏదో ఒకనాడు పనికొస్తాయని నా నమ్మకం. ఉత్తర్వు రాగానే కృత్రిమ మేధపై దొరికినవన్నీ చదివాను. ఇది మనుషులను మింగేస్తుందని ఒక పుస్తకం, ఇది ఒట్టి లెక్కల యంత్రమని ఇంకొకటి. రెండూ బాగా రాసినవే. మొదలుపెట్టినప్పటికన్నా ఎక్కువ అయోమయంతో పుస్తకాలు తిరిగి ఇచ్చేశాను.

వాళ్ళు మా దగ్గరికే ఎందుకు వస్తున్నారంటే, ఊళ్ళలో జ్వరాలూ కాన్పులూ చూసుకునే ఆశా కార్యకర్తలకు మాట్లాడే ఫోన్లు ఇచ్చారు. రోగి లక్షణాలు చెబితే ఏం చేయాలో ఫోనే ఆదివాసీ ఒడియాలో చెబుతుంది. తయారుచేసిన కంపెనీది ఒక దేశం. దాన్ని నడిపే కంప్యూటర్లు మరో దేశంలో. జ్వరం మాది. అది తప్పు చెబితే ఎవరు ఎవరికి తెలియజేయాలన్నది ప్రతినిధుల ప్రశ్న. తప్పును స్వయంగా చూసిన సాక్షి కావాలన్నారు.

సాక్షి ఉంది. ఆ వానాకాలంలో జ్వరంతో ఫిట్స్ వచ్చిన పసివాణ్ణి తెల్లారేదాకా ఇంట్లోనే కనిపెట్టుకుని ఉండమని ఫోను చెప్పింది. ఆ ఊరి ఆశా కార్యకర్త వినలేదు. డోలీ కట్టించి ఆసుపత్రికి చేర్చింది. బిడ్డ బతికాడు. అయితే ఫోను మాట దాటినవాళ్ళను పనిలోంచి తీసేస్తామని ఆ ఫోన్లు నడిపే కాంట్రాక్టు సంస్థ హెచ్చరించి ఉంది. అందుకని ఆమె అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

ప్రతినిధులు రావడానికి ముందురోజు ఆమె మా ఆఫీసుకు వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

“బాబూ, రేపు సెప్పాలనే ఉంది. పేరు రాసుకుంటారేటి?”

రాసుకుంటారన్నాను.

“అయితే నా పని ఊడినట్టే. సెప్పకపోతే ఆ ఫోను ఇంకో గుంటడికీ అదే సెప్తాది. ఏటి సెయ్యమంటారు?”

పొరపాటును తనంతట తాను చెప్పిన పైలట్‌ను శిక్షించకపోతేనే విమానాలు భద్రంగా ఉంటాయని నేను చదివింది ఆమెకు వివరించాను. శ్రద్ధగా వింది.

“ఆ పుస్తకం మా సూపర్‌వైజరు సదివినాడా బాబూ?” అని అడిగింది.

మర్నాడు ఆమె ఊరి సామాజిక భవనంలో సాక్షిని పిలిచారు. లేచింది ఆమె కాదు, బారికి. బారికి అంటే ఏజెన్సీ ఊళ్ళలో చాటింపు వేసి, కబుర్లు మోసే మనిషి. ఆ ఊళ్ళో ఇంకో ఆనవాయితీ కూడా ఉంది. పెద్దల మీద ఫిర్యాదు ఉన్నవాళ్ళు పంచాయితీలో తామే లేవరు, బారికి నోట చెప్పిస్తారు. ఎవరిదని అడగడం మర్యాద కాదు.

“ఒకింటోళ్ళు సెప్పమన్నారు,” అని మొదలుపెట్టి జరిగిందంతా చెప్పాడు. నేను ఇంగ్లీషులోకి మార్చాను. ఒక ప్రతినిధి బారికినే ఆశా కార్యకర్తగా రాసుకున్నాడు. ఇంకొకాయన బిడ్డ తాత అనుకుని మనవడెలా ఉన్నాడని పరామర్శించాడు.

“బాగున్నాడంట. అల్లరెక్కువంట,” అన్నాడు బారికి.

పేరులేని సాక్ష్యాన్ని నివేదిక అనుబంధంలో పెడతాం తప్ప చర్చకు తీసుకోలేమని సమావేశ అధ్యక్షురాలు చెప్పారు. వివరాలు లేకుండా తప్పును దిద్దలేమని, ఫోన్లు తయారుచేసిన కంపెనీ తరఫున వాళ్ళతో వచ్చిన ప్రతినిధి అన్నాడు. ఇద్దరి మాటా సబబే. ఆమె భయమూ సబబే. మూడూ ఎలా నిజమవుతాయో నాకు తోచలేదు.

“అడగమనండి బాబూ. నానెల్లి అడిగొత్తాను,” అన్నాడు బారికి.

భవనం వెనక ఆడవాళ్ళు అతిథులకు వంట చేస్తున్నారు. ఆమె వాళ్ళలోనే ఉంది. బిడ్డ వయసెంత అని అడిగితే బారికి వెళ్ళి వచ్చాడు. ఫోనుకు ఏ లక్షణాలు చెప్పారంటే మళ్ళీ వెళ్ళాడు. కొంతసేపటికి కూలబడ్డాడు.

“ఇయి కాళ్ళు బాబూ, మిసను కాదు. బేగి టీ ఇప్పించండి.”

అదీ అనువదించాను. అందరూ నవ్వారు. ఈలోగా కంపెనీ ప్రతినిధి, వచ్చిన జవాబులన్నీ అక్కడి ఫోను ఒకదానికి నా చేత ఆదివాసీ ఒడియాలో చెప్పించాడు. తెల్లారేదాకా ఇంట్లోనే ఉంచమని అది తీయగా చెప్పింది. దాన్ని ఇంగ్లీషులోకి మార్చాక ఎవరూ నవ్వలేదు.

టీ దగ్గర ఆ కంపెనీ ప్రతినిధి నన్ను పక్కకు పిలిచాడు. ఆమె ఎవరో నాకు తెలుసని కనిపెట్టాడు. పేరు చెప్పమన్నాడు. రికార్డు పూర్తి కావడానికేననీ, ఆమెకు హాని జరగనివ్వననీ మాట ఇచ్చాడు. అతిథులకు సహకరించమని నా ఉత్తర్వులో ఉంది. ఎంతవరకు అన్నది లేదు. ఆ ప్రశ్నను పక్కనే టీ తాగుతున్న బారికికి అనువదించాను.

“పేరెందుకంట? పెళ్ళి సమ్మందమేటి?” అన్నాడు బారికి. అది కూడా ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాను. అతను ఇక అడగలేదు.

మధ్యాహ్నం ముసాయిదా మారింది. తప్పును బయటపెట్టినవాళ్ళ పేరును ప్రతి దేశంలోనూ ఒక మధ్యవర్తి కార్యాలయం తన దగ్గరే ఉంచుకోవాలి, ప్రశ్నలనూ జవాబులనూ అటూ ఇటూ చేరవేయాలి, పేరు మాత్రం తయారీదారుకు గానీ యజమానికి గానీ ఇవ్వకూడదు అని రాశారు. మధ్యవర్తే అబద్ధమాడితే అని ఒకరు అడిగారు. నేను బారికిని అడిగాను.

“ఊరోళ్ళు నన్ను తీసీసి ఇంకోణ్ణి పెడతారు,” అన్నాడు.

మరి దేశాల మధ్య ఎవరు తీసేస్తారు? దానిపై సాయంత్రం దాకా వాదించుకున్నారు. చివరికి మధ్యవర్తిని తీసేసే హక్కు ఎవరిదన్న వాక్యం చదరపు బ్రాకెట్లలోకి వెళ్ళింది. ఒప్పందాల ముసాయిదాలో ఆ బ్రాకెట్లంటే ఇంకా అంగీకారం కుదరలేదని అర్థం. పుస్తకాల్లో చదివాను గానీ, కళ్ళముందు వేస్తుంటే చూడడం అదే మొదలు.

ఫిట్స్ వస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళమని ఫోను త్వరలోనే మాట మార్చుకుంది. నేను రిటైరయ్యే నాటికి ఆమె పనిలోనే ఉంది. ఆ బ్రాకెట్లు తొలగాయో లేదో తెలియదు. ఆ తర్వాత జరిగిన సమావేశాల వార్తలు చదువుతూనే ఉన్నాను, ఆ వాక్యం మాత్రం ఎక్కడా కనబడలేదు.

నేను నేర్చుకున్నది ఇంతే. తప్పును బయటపెట్టినవాళ్ళ పేరు దాస్తే సరిపోదు. వాళ్ళను మళ్ళీ అడిగే దారి ఒకటి ఉండాలి. ఆ దారిలో నిలబడ్డ మనిషిని తీసేసే హక్కు ఎవరికో ఒకరికి ఉండాలి. బారికి విషయంలో ఆ హక్కు ఊరిది. దేశాలన్నిటికీ కలిపి ఆ ఊరు ఏదో నాకింకా తెలియదు.