అమ్మ ఎడమ భుజం

ఆరు నైటీలు కొన్నాను. ముందు వైపు బొత్తాలు, పొట్టి చేతులు, ఉతికితే గంటలో ఆరిపోయే గుడ్డ. తెనాలి బజారులో షాపతను ఇంకో రంగు చూపిస్తానంటే, "పెళ్ళికూతురికి కాదు బాబూ, పక్షవాతం వచ్చిన మనిషికి" అని కసిరాను. అమ్మకి అప్పుడు డెబ్బై తొమ్మిదేళ్ళు. బాపట్లలో టీచరుగా చేసి రిటైరై, అక్కడే చర్చికి దగ్గరలో రెండు గదుల ఇంట్లో తన ఇష్టప్రకారం బతికేది. ఒక రోజు పొద్దున్నే కుడి కాలూ చెయ్యీ పడిపోయాయి. మాట కూడా పోయింది. ఆస్పత్రి నుంచి పంపేశాక, పెద్దవాళ్ళని చూసుకునే ఒక హోంలో బాపట్లలోనే చేర్చాను. నైటీలు తెమ్మన్నది వాళ్ళే. మంచం మీద ఉన్న మనిషికి చీర కట్టి విప్పడం ఆమెకీ కష్టం, మాకూ కష్టం అన్నారు. నాకూ సబబే అనిపించింది.

నేను ఆఫీసులో సూపరింటెండెంటుని. తప్పులు పట్టడం నా ఉద్యోగం, నా స్వభావం కూడానూ. చేర్చే ముందు ఆ హోంని ఆడిట్ చేసినంత పని చేశాను. బాత్రూంలో పట్టుకోవడానికి కమ్మీలున్నాయా, పరుపు మీద రబ్బరు షీటు వేశారా, రెండు గంటలకోసారి పక్కకి తిప్పుతారా, మందులు ఎవరి చేతి మీదుగా పోతాయి. అన్నీ అడిగాను, కొన్ని వాసన చూశాను కూడా. మంచిగా చూసుకోవడం అంటే ఒళ్ళు శుభ్రంగా ఉండడం, వేళకి మందు, వేళకి తిండి, వీపు మీద పుండు పడకపోవడం. అంతకు మించి ఏముంటుంది అనుకున్నాను. వాళ్ళు అవన్నీ చేశారు. ఇప్పటికీ వాళ్ళని ఒక్క మాట అనడానికి నాకు నోరు రాదు.

అమ్మ మాత్రం అన్నం తినడం మానేసింది.

చిత్రమేమిటంటే, మంచినీళ్ళు తాగేది. టీ తాగేది. రాగిజావ గ్లాసులో పోసి పట్టుకుంటే తాగేది. కంచం కనబడితే చాలు, పెదాలు బిగించేది. ఎడమ చెయ్యి ఎత్తి ఎడమ భుజం మీద తడుముకునేది. నైటీ గుడ్డని వేళ్ళతో పట్టి లాగేది. ఆయా బతిమాలి రెండు చెంచాలు కుక్కితే, ఒకటి బుగ్గన పెట్టుకుని గంటసేపు ఉంచేది. భుజం నొప్పేమోనని ఆయింట్‌మెంట్ రాశారు. ఫిజియోథెరపీ అబ్బాయి భుజం బిగుసుకుపోయిందని వ్యాయామాలు మొదలుపెట్టాడు. నైటీ కుట్టు గుచ్చుకుంటుందేమోనని నేను కత్తెరతో లోపలి దారాలన్నీ కత్తిరించాను. చివరికి నేనే బాగా చూసుకుంటానని బింకంగా అమ్మని తెనాలి తెచ్చేసుకున్నాను. ఇంట్లో నేనొక్కదాన్నే. అయినా అమ్మ నోరు తెరవలేదు. కూతురి చేతి ముద్ద అయినా ఒకటే, ఆయా చేతి ముద్ద అయినా ఒకటే.

నడుం దగ్గర ఎముక తేలింది. చర్మం ఎర్రబడింది. డాక్టరు గారు వచ్చి చూసి, మింగడానికి ఇబ్బందేమీ లేదు, తినాలన్న కోరికే పోయింది, ఇక జావ మీద ఎన్నాళ్ళు లాగుతాం, సోమవారం ముక్కులోంచి గొట్టం వేసేద్దాం అన్నారు. గొట్టం వేస్తే పీకేసుకోకుండా ఆ ఉన్న ఒక్క చెయ్యీ మంచానికి కట్టాల్సి వస్తుందని కూడా చెప్పారు. ఆ మాట విన్నాక నాకు మళ్ళీ ఏ మాటా వినబడలేదు.

ఆ గురువారమే పనిలోకి వచ్చింది, రేపల్లె నుంచి ఒకామె. నలభై ఏళ్ళుంటాయి. ముస్లింల ఆడపడుచు. ఇళ్ళకి వెళ్ళి మంచం పట్టినవాళ్ళని చూసుకోవడం ఆమె పని. పొద్దున పాసింజరుకి వచ్చి సాయంత్రం పాసింజరుకి పోయేది. నేను అలవాటు ప్రకారం ఆమె చేతికో చార్టు ఇచ్చాను, గంటగంటకీ ఏం చెయ్యాలో. ఆమె దాన్ని మర్యాదగా చదివి, మడిచి, కిటికీలో పెట్టి, అమ్మ పక్కన స్టూలు వేసుకుని ఊరికే కూర్చుంది. నాకు ఒళ్ళు మండింది. పని చెయ్యమంటే కూర్చుని చూస్తుందేంటి?

ఆదివారం మధ్యాహ్నం. నేను ఇంట్లోనే ఉన్నాను. ఆమె పప్పన్నం మెత్తగా కలిపి కంచం పట్టుకుని అమ్మ ఎదురుగా కూర్చుంది. అమ్మ మామూలుగానే పెదాలు బిగించింది. అంతలో మసీదు నుంచి అజాన్ వినిపించింది. ఆమె కంచం ఒళ్ళో పెట్టుకుని చున్నీ తల మీదికి లాక్కుంది. అమ్మ చూపు ఆ చున్నీ మీద ఆగిపోయింది. ఎడమ చెయ్యి పైకి లేచి, భుజం మీద నైటీ గుడ్డని పట్టుకుని పైకి లాగింది. అది సాగదు. మళ్ళీ లాగింది.

"అక్కా, మామ్మగారి చీర ఒకటి ఇస్తారా అండి?" అంది ఆమె, అమ్మ మీంచి కళ్ళు తిప్పకుండా.

"చీరా? లేవలేని మనిషికి ఇప్పుడు చీర కడతావా ఏంటి?"

"కట్టనండి. భుజం మీద వేస్తానంతే. నొప్పికి కాదండి ఆ చెయ్యి పోయేది. చెంగు కోసం."

బీరువాలోంచి మెత్తటి వాయిలు చీర తీసిచ్చాను. ఆమె దాన్ని నిలువుగా మడిచి, ఒక కొస అమ్మ నడుం కింద దోపి, రెండో కొస ఎడమ భుజం మీదుగా వెనక్కి వేసింది. అమ్మ చెయ్యి ఈసారి తడుముకోలేదు. తిన్నగా వెళ్ళి చెంగు పట్టుకుని తల మీదికి లాక్కుంది. కళ్ళు మూసుకుంది. శబ్దం లేదు, పెదాలు కదులుతున్నాయి. చాలాసేపు కదిలాయి. ఆమె కంచం కిందికి దించి పట్టుకుని, తొందరపెట్టకుండా కాచుకుంది. అమ్మ కళ్ళు తెరిచింది, నోరు తెరిచింది. కంచంలో మెతుకు మిగల్చలేదు. నేను గుమ్మం పట్టుకుని ఏడ్చాను.

"నీకెలా తెలిసిందమ్మా?" అని అడిగితే, "మాకూ అంతే గదండీ. తల మీద గుడ్డ లేకుండా దేవుణ్ణి పిలవాలంటే మనసొప్పదు" అని చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళిపోయింది.

చర్చిలో ముందు వరసలో పెరిగినదాన్ని నేను. భోజనానికి ముందు తల మీద చెంగు వేసుకుని ప్రార్థన చేసుకోకుండా అమ్మ ఏనాడూ ముద్ద ముట్టలేదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ తట్టలేదు. ఉద్యోగం వచ్చి తెనాలిలో ఒంటరిగా ఉండడం మొదలుపెట్టాక నేను నిలబడే టిఫిన్ తినేస్తున్నాను, ఇక ప్రార్థనెక్కడ! అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడగలేని అమ్మకి పెట్టాల్సి వస్తే ఏం చెయ్యాలో ఆ సామెత చెప్పలేదు. ఆ రేపల్లె ఆమె మీద నాకు కృతజ్ఞతతో పాటు కాస్త అసూయ కూడా కలిగింది. దాచుకోవడం దేనికి, కలిగింది.

డాక్టరు గారికి ఫోన్ చేసి గొట్టం వద్దన్నాను. ఆ తర్వాత అమ్మ పధ్నాలుగు నెలలు బతికింది. మధ్యాహ్నం ఆఫీసు నుంచి ఇంటికొచ్చి అమ్మ పక్కనే కంచం పెట్టుకునేదాన్ని. నేనూ తల మీద చెంగు వేసుకుని కళ్ళు మూసుకునేదాన్ని. అమ్మ పెదాలు కదులుతున్నాయని తెలుసు, మాట మాత్రం రాదు. ఆ మాట కోసం మొహం వాచిపోయాను. ఒకప్పుడు అమ్మ ప్రార్థన మొదలుపెడితే కూర చల్లారాల్సిందే. పిట్టలవానిపాలెంలో నీళ్ళందని చేలు, జ్వరంతో బడికి రాని పిల్లలు, ఎదురింటివాళ్ళ గేదె, అందరూ అయ్యాక ఆఖర్న నేను. "తండ్రీ, ఈ పిల్లకి కోపం తగ్గించు." నాకు చిర్రెత్తుకొచ్చేది. "అన్నం కోసం స్తోత్రమా, నా మీద ఫిర్యాదా?" అనేదాన్ని. ఇప్పుడు ఆ ఫిర్యాదు ఒక్కసారి వినిపిస్తే చాలనిపించేది. నా పేరు ఇంకా ఆ వరసలో ఉందో, మాటతో పాటు అదీ పోయిందో తెలుసుకునే దారి లేదు. కళ్ళు గట్టిగా మూసుకుని చెవులు రిక్కించేదాన్ని. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినబడేది కాదు.

అమ్మని బాపట్లలో, తన చర్చి సమాధుల తోటలో ఉంచాం. రేపల్లె నుంచి ఆమె కూడా వచ్చింది. మట్టి వేసేటప్పుడు చున్నీ తల మీదికి లాక్కుని నా వెనకే నిలబడింది. తిరిగి తెనాలి స్టేషన్లో దిగాక, రేపల్లె పాసింజరు అరగంట లేటని తెలిసి ఇద్దరం బెంచీ మీద కూర్చున్నాం. ఇక రేపటి నుంచి ఆమె రాదు. అందుకేనేమో నాకు నోరు ఆగలేదు.

"నువ్వు రోజూ అంత దగ్గర కూర్చునేదానివి కదా. ప్రార్థనలో అమ్మ ఏం అనేదో నీకేమైనా తెలిసేదా?"

"మాటలు తెలియవండి" అంది. "మీరు కళ్ళు మూసుకునేవారు గదక్కా. నేను కంచం పట్టుకుని ఉండేదాన్ని, కళ్ళు తెరిచే ఉండేవి. మామ్మగారు ఆఖర్న ఒకసారి కళ్ళు తెరిచి మీ మొహం చూసేవారండి. బాగా చూసి, మళ్ళీ మూసుకుని, ఇంకో రెండు మాటలు చెప్పుకునేవారు. రోజూ అంతే."

"పధ్నాలుగు నెలలు! ఒక్కరోజైనా నాకు చెప్పలేదేంటమ్మా?"

"చెబితే మీరు కళ్ళు తెరిచి చూస్తారు. మీరు చూస్తున్నారని తెలిస్తే ఆవిడ ఆపేస్తారేమోనని భయపడ్డానండి."

రైలు వచ్చింది. ఆమె ఎక్కి, కిటికీ దగ్గర సీటు దొరికాక చెయ్యి ఊపింది. ఆమె మీద కోపం తెచ్చుకోవాలని ఇంటికెళ్ళేదాకా ప్రయత్నించాను, రాలేదు.

ఇప్పుడు నేను భోజనానికి కూర్చుంటే తల మీదికి చెంగు లాక్కుంటాను. కళ్ళు మాత్రం మూసుకోలేను.