ఐసు ఫ్యాక్టరీలో పెళ్లి ఫోటో

మా వీధి చివరి ఫోటో స్టూడియో మా బావది. చుట్టరికమేమీ లేదు, ఈ ఊళ్లో స్కూటరు వెనక ఎక్కించుకున్న ప్రతివాడూ బావే. సబ్బవరం నుంచి ఎలమంచిలి దాకా ఆయన ఫ్లాష్ పడని పెళ్లికొడుకు లేడు. ముహూర్తం దాటినా సర్దుకునేవారు గానీ, ఆయన రానిదే తాళి కట్టనిచ్చేవారు కాదు.

ఊరికి ఆ ఫోటోలే తెలుసు. ఆదివారాలు ఆయన తీసే రెండో రకం ఫోటోల సంగతి నాకూ, వాటిలో ఉన్నవాళ్లకూ తప్ప ఎవరికీ తెలియదు. మూతపడ్డ గోడౌన్లలో, ఉక్కునగరంలో కిటికీలు ఊడిన ఖాళీ క్వార్టర్లలో కలుసుకునే మగవాళ్ల జంటలు. "నానూ ఆళ్లలో ఒకణ్ణే బావా" అని ఒకసారి టీ తాగుతూ, పంచదార తక్కువైందన్నంత మామూలుగా అన్నాడు. నా గ్లాసు ఖాళీ అయ్యాక కూడా చాలాసేపు దాన్ని ఊదుకుంటూ కూచున్నాను. ఆ తర్వాతి ఆదివారం నుంచి, వెలుతురు పడేందుకు థర్మాకోల్ అట్ట పట్టుకునే ఉద్యోగం నాదైంది.

ఆయన తీసేది రీలు కెమెరాతోనే. మొహాలు రానివ్వడు. వీపులు, భుజాలు, ఒకరి చేతిలో ఒకరి చెయ్యి, అంతే.

ఆ రోజు ఫిషింగ్ హార్బర్ దగ్గర పాత ఐసు ఫ్యాక్టరీకి వెళ్లాం. మర్నాడు పడగొట్టేస్తారు. జంటలో ఒకాయన బోటు మీద వేటకు పోతాడు, రెండో ఆయనది ఉక్కు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. ఇద్దరికీ కణతలు నెరిశాయి. పడుచుతనం నుంచీ వాళ్లు పక్కపక్కన కూచోగలిగిన చోటు అదొక్కటే. అది పోయేలోగా మొహాలతో ఒక ఫోటో కావాలని వేటాయన పట్టుబట్టాడు. షిఫ్టాయన గోడవైపు తిరిగి నుంచున్నాడు.

"మొకం దొరికితే ఉజ్జోగం, ఇల్లు రెండూ పోతాయి" అన్నాడు గోడతోనే.

పైకప్పు లేని హాలు. ఎండ నిలువునా దిగుతోంది. ఆ గాలికి అట్టతో సహా ఎగిరి, సముద్రం అవతల రంగూన్‌లో దిగేవాణ్ణే. ఇనప స్తంభానికి కాలు మెలేసి నిలబడ్డాను. బావ కెమెరాకు కన్ను ఆనించాడు. ఎన్ని వందల పెళ్లిళ్ల అలవాటో, నోరు దానంతటదే అనేసింది:

"పెళ్లికూతురుగారు కొంచెం ఇటు తిరగాలి."

రేవులో క్రేన్లు ఆగిపోయాయి. బావ నాలిక కరుచుకున్నాడు. గోడ దగ్గర ఆ భుజాలు కదలడం మొదలుపెట్టాయి. ఏడుస్తున్నాడనుకున్నాను. తిరిగాడు. నవ్వుతున్నాడు.

"ఇక్కడ పెళ్లికూతురెవరూ నేరు బావా. ఇద్దరం పెళ్లికొడుకులమే. తియ్యి."

వేటాయన ఆయన కాలరు సరిచేశాడు. బావ నొక్కాడు.

డార్క్‌రూమ్‌లో, ట్రేలోని మందునీళ్లలోంచి ఆ మొహాలు మెల్లగా పైకి తేలాయి. షిఫ్టాయన నేరుగా మనల్ని చూస్తున్నాడు. వేటాయన మాత్రం ఆయన్ని చూస్తున్నాడు, అంత వెలుతురులో మొదటిసారి చూస్తున్నట్టు. నేను తెరిచిన నోట్లో కొంగలు గూడు కట్టుకోవచ్చు. దీన్ని గోడకెక్కిస్తే చూసేవాళ్ల క్యూ హార్బర్ దాటి సముద్రంలోకి పోతుందని చెప్పాను. బావ వినిపించుకోలేదు. ఆరిన ఫోటోను కవర్లో పెట్టాడు. నెగెటివ్ కత్తిరించి అదీ అందులోనే పెట్టాడు. ఒక్క కాపీ అయినా ఉంచుకోమన్నాను.

"పెళ్లి ఆళ్లది. ఆల్బం మనింట్లో ఏటికి బావా?"

కవరు నాకిచ్చి స్కూటరు తీశాడు. హార్బర్ దాకా ఒకటే గాలి. థర్మాకోల్ అట్టనైతే వదిలేసేవాణ్ణేమో గానీ, కవర్ని మాత్రం రెండు చేతులతో గుండెకదిమి పట్టుకున్నాను.