బాపు పంపిన మెరిసే కొమ్ములు

ఆ రోజుల్లో నేను ఎంత పిరికిదాన్నో మా అక్క చెప్పే కథను నమ్మకండి. ల్యాబులో కణాలు చచ్చిపోతే గుక్కపట్టి ఏడ్చానట. అబద్ధం. బాత్‌రూంలో గొళ్ళెం పెట్టుకొని కూర్చున్నాను, అంతే (రెండింటికీ తేడా ఉంది, అక్కకు ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు).

డిగ్రీ అయ్యాక నిజామాబాద్‌లో ఒక చిన్న ల్యాబులో నా తొలి కొలువు. మన మెదడుకు కాపలా కాసే కణాలుంటాయి. వాటికి కోపం ముదిరితే పక్కనున్న మంచి కణాలను కూడా పాడుచేస్తాయి. ఆ మంటను పసుపు సారం చల్లారుస్తుందా అని మా మేడం పరీక్ష. సారం కొనుక్కొద్దామని ఆమె అంటే, మా కమ్మర్‌పల్లి పసుపు ఉండగా కొనుడెందుకని వాదించి గెలిచింది నేనే. "సరే. కణాలు పోతే నీ కొలువు గూడ పోతది, యాదుంచుకో" అంది నవ్వకుండా. ఊళ్ళో పసుపు పండించే మా బాపుకు ఫోన్ చేశాను. "గంతేనా బిడ్డా? పట్నపోళ్ళు సూస్తరు గద, మంచియే పంపుత" అన్నాడు. బంగారంలా మెరిసే కొమ్ములొచ్చాయి. దంచి, స్పిరిట్లో నానబెట్టి, వడగట్టి, కణాలు పెంచే గిన్నెల్లో చుక్కలు వేశాను.

తెల్లారి మైక్రోస్కోపులో చూశాను. పసుపు వేసిన ప్రతి గిన్నెలో కణాలు ముడుచుకొని తేలుతున్నాయి. చేతిలో మిగిలిన కొమ్ముతోనే బాత్‌రూంలో దూరాను. చేతులు కడుగుతుంటే కొమ్ము మీది రంగు కారిపోయి, కింద మామూలు కొమ్ము తేలింది. అప్పుడు అసలు భయం పట్టుకుంది. అది పాలిష్ డ్రమ్ములో రంగు పోసి తిప్పిన సరుకు, మార్కెట్టుకు పోయేది. మా ఇంట్లో ఎవరం తినం, మాకు గరుకు కొమ్ములు వేరే మూటలో ఉంటాయి. బయటికెళ్ళి ఏం చెప్పాలి, బాపు పేరా?

"బయటికి రా. సచ్చిన కణాలు నిన్ను కరవయి" అంది తలుపవతల మేడం. అంతా చెప్పాను. కొమ్ము చూసింది, గిన్నెలు చూసింది. "రంగే చంపిందో, నువ్వు పోసిన స్పిరిట్ చంపిందో ఎట్ల తెలుస్తది? పసుపెయ్యని గిన్నెల కణాలున్నయి గద, అవి పెంచు. మల్ల చెయ్యి. ఈసారి నీ వాదన ఇంట్ల ఇడిసి రా." కొలువు నిలిచింది. (స్పిరిట్ మాట అక్కకు ఇప్పటిదాకా చెప్పలేదు.)

ఇప్పుడు నా పాలలో గరుకు కొమ్ముల పొడే వేసుకుంటాను, మంట చల్లారిందో లేదో మా ఇంట్లోవాళ్ళే చెప్పాలి. బాపును ఆ కొమ్ముల గురించి కదిలిస్తే మక్కజొన్నల ధర మాట ఎత్తుకుంటాడు. ఒక్కటే తెలియాలి నాకు: ఇంటి మూట, సరుకు కొనే గిరాకీల మూట ఏనాడూ కలవనియ్యని మనిషి, ఆ రోజు నన్ను ఇంటి బిడ్డ అనుకున్నాడా, గిరాకీ అనుకున్నాడా?