జర వినుండ్రి, మళ్ల వాయిస్తం

గ్రేసమ్మ గారు కన్నుమూశారన్న కబురు తెల్లవారేసరికి మా వాద్యబృందం గ్రూపులో ఉంది. నేను వంటింట్లో పాపకు ఉగ్గు కలుపుతూ చూశాను. నిద్రలోనే గుండె ఆగిపోయిందని, మా బృందానికి కొత్త రచనలు చేసిచ్చే ప్రణీత్ రాశాడు. చదివిన వెంటనే నేను చేసిన పని తలచుకుంటే ఇప్పుడు నవ్వూ వస్తుంది, ఏడుపూ వస్తుంది. ఆవిడకే ఫోన్ చేశాను. ఏ భయం వేసినా ఆవిడకు ఫోన్ చేయడం నా అలవాటు. అంత పెద్ద భయం నాకు అంతకుముందెప్పుడూ వేయలేదు మరి. ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. స్టవ్ మీద పాలు పొంగిపోయాయి.

ఆవిడను ఎరగనివారి కోసం చెబుతున్నాను. హైటెక్ సిటీ, గచ్చిబౌలి ఆఫీసుల్లో వారమంతా కంప్యూటర్ల ముందు కూర్చునే మాలాంటివాళ్లను పోగుచేసి, ఒక అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో సాధన చేయించి, పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం వాయించే వాద్యబృందంగా మలచిన కండక్టర్ గ్రేసమ్మ గారు. అందరికీ ఎదురుగా నిలబడి, చేతిలోని సన్నటి పుల్లతో బృందాన్ని నడిపించడం ఆవిడ వృత్తి. ఎప్పుడో కాలం చేసిన మహానుభావుల రచనలు వాయిస్తే చప్పట్లు సులువుగా వస్తాయి. ఆవిడ మాత్రం ప్రతి కచేరీలోనూ ఈనాటి స్వరకర్త రాసిన కొత్త రచన ఒకటి ఉండాల్సిందేనని పట్టుబట్టేవారు. “పోయినోళ్లయి వాయిద్దాం, వద్దంటలేను. కానీ బతికున్నోళ్లకు గూడ ఆకలైతది గద!” అనేవారు.

ఆవిడ బాలానగర్‌లో పుట్టి పెరిగారు. తండ్రి వారంలో ఆరు రోజులు ఫ్యాక్టరీలో ఫిట్టర్, ఆదివారం చర్చిలో ట్రంపెట్ వాద్యకారుడు. చర్చి గాయకబృందంలో మొదలైన ఆవిడ సంగీతం విదేశీ ఒపెరా థియేటర్ల దాకా వెళ్లింది. మాటలుండవు, కథంతా పాటలోనే నడుస్తుంది, అదే ఒపెరా. అక్కడ ఎవరూ ముట్టని కొత్త ఒపెరాలను ఏళ్ల తరబడి రంగస్థలం ఎక్కించి, ఆ అనుభవమంతా మూటగట్టుకుని మళ్లీ ఇక్కడికే వచ్చారు. చెవికి కటువుగా ఉండే ఈ కొత్త సంగీతమంటే అంత ఇష్టమేమిటండీ అని ఒకసారి అడిగాను. “బాలానగర్ల పుట్టినోళ్లకు అపస్వరం ఏడిదమ్మా? గోడ అవతల ఇనుము కోస్తుంటే మా అమ్మ నాకు జోల పాడింది. నాకు రెండూ కలిసే యాదికొస్తయి” అన్నారు.

కొత్త రచనను ఒకే కచేరీలో రెండుసార్లు వాయించడం ఆవిడ పెట్టిన ఆచారం. దాని వెనుక ఒక కథ ఉంది. ఓ కంపెనీ కుటుంబ వేడుకలో మా బృందం ఒక కొత్త రచన వాయించింది. అయిపోయింది. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. ముందు వరుసలో కూర్చున్న వెంకటరత్నం గారనే రిటైర్డ్ తహసీల్దారు, మనవరాలిని ఒళ్లో పెట్టుకుని, చాలా మర్యాదగా అడిగారు: “అయిపోయిందాండీ? ఇంకా శృతి చేసుకుంటున్నారేమో అనుకున్నాను!” మేమంతా సిగ్గుతో తలలు దించుకున్నాం. హాల్లో అందరికంటే గట్టిగా నవ్వింది గ్రేసమ్మ గారే. ఆయన వైపు తిరిగి, “శృతి అయింది సార్. జర వినుండ్రి, మళ్ల వాయిస్తం” అని చేయెత్తారు. రెండోసారి సగానికి వచ్చేసరికి వెంకటరత్నం గారి తల మెల్లగా ఊగుతోంది. ఆ తరువాత ఆయన రాని కచేరీ లేదు. “కొత్త పాటను ఫస్టు సారి అనుమానంతోని వింటరు, రెండోసారి చెవులతోని వింటరు” అన్నది అప్పటినుంచి ఆవిడ సిద్ధాంతమైపోయింది.

నా మొదటి రోజు సంగతి చెప్పకపోతే ఈ చిత్రం అసంపూర్ణం. కాకినాడలో కర్ణాటక సంగీతం నేర్చుకున్నదాన్ని. వయొలిన్ తీసుకుని లోపలికి వెళ్లి, అలవాటుకొద్దీ నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. వయొలిన్ తలను పాదానికి ఆనించి తల ఎత్తి చూస్తే, చుట్టూ కుర్చీల్లో కూర్చున్నవాళ్ల మోకాళ్లే కనిపించాయి. గ్రేసమ్మ గారు వచ్చి నా పక్కనే నేల మీద కూలబడ్డారు. “ఏందమ్మా, కుర్చీ కరుస్తదా?” అన్నారు. నేను కంగారుగా లేవబోతే చేయి పట్టి ఆపారు. “కూసో, కూసో. ఈడికెళ్లి ఎట్ల వినిపిస్తదో నేనెన్నడూ చూడలే.” ఆ రోజు సాధన సగం ఆవిడ నేల మీద కూర్చునే నడిపించారు. కుర్చీలో కూర్చుని గడ్డం కింద వయొలిన్ పట్టడం తరువాత నేర్పారు గాని, నా నేలను మాత్రం మరచిపోలేదు.

ఇక ‘షేర్ ఆటో’. ప్రణీత్ పగలు ఉద్యోగం చేసుకుంటూ రాసిన తెలుగు ఒపెరా అది. నానక్‌రామ్‌గూడ దారిలో ట్రాఫిక్‌లో చిక్కుకున్న ఆటోలో నలుగురి కథ. వేదిక మీదికి నిజం ఆటోనే తెప్పించారు. దాని యజమాని యాదగిరి ఊరికే కూర్చోవడమెందుకని, హారన్ వాయించే బాధ్యత అతనికే అప్పగించారు. సాధనలో హీరోయిన్ దీర్ఘంగా ఆలపిస్తుంటే అతను ఉండబట్టలేక, “మేడం, గింతసేపు పాడితే సవారీ దిగిపోతది” అన్నాడు. “దిగితే దిగని తమ్మీ, నువ్వు మాత్రం దిగకు” అన్నారావిడ. తీరా ప్రదర్శనలో, అందరూ మౌనం పాటించాల్సిన చోట ఆవిడ అరచెయ్యి ఎత్తి ఆపారు. ట్రాఫిక్ పోలీసు చెయ్యి ఎత్తగానే యాదగిరి చెయ్యి ఏం చేస్తుందో అదే చేసింది. హారన్ బర్రుమని మోగింది. హాలంతా పడీ పడీ నవ్వింది. ఆట ముగిశాక క్షమాపణ చెప్పబోయిన అతని భుజం తట్టి, ఆవిడ ప్రణీత్‌తో, “గది అట్లనే రాసుకో. నువ్వు మర్చిపోయినవ్, ఆయన వాయించిండు” అన్నారు. ఇప్పటికీ ఆ హారన్ ఆ రచనలో అక్కడే ఉంది.

నాకు పాప పుట్టాక నేను వయొలిన్ పెట్టె తెరవలేదు. పాప నిద్రపోతే ఊపిరి తీస్తోందా అని భయం, లేస్తే ఎందుకు లేచిందా అని భయం. ఎక్కిళ్లు వచ్చినా గ్రేసమ్మ గారికే ఫోన్ చేసేదాన్ని. “ఏ తాళంల వస్తున్నయ్? మూడులనా, నాలుగులనా? లెక్కబెట్టి చెప్పు” అనేవారు. నేను లెక్కపెట్టేలోగా ఎక్కిళ్లు ఆగిపోయేవి.

ఒకరోజు చందానగర్‌లోని మా ఇంటికే వచ్చారు. ప్రణీత్ కొత్త రచన చేతిలో పెట్టారు. నేల మీద కూర్చుని వాయించే ఒంటరి వయొలిన్‌తో అది మొదలవుతుంది. నాకోసం ఆవిడే అలా రాయించారు.

“నా వల్ల కాదండీ. మధ్యలో పాప ఏడిస్తే?”

“ఏడిస్తే ఏడ్వని. అది గూడ మోగేదే గద.”

“నాకు చేతులు వణుకుతాయండీ.”

“నా దిక్కు చూడు. నేను తల ఊపుత, నువ్వు మొదలువెట్టు. ఇగ దేనికి ఫికర్?”

ఆ మాటను నమ్మి వెళ్లాను. సాధనలో పాపను ఆవిడే ఎత్తుకునేవారు. కండక్టర్ కుడిచెయ్యి తాళం చూపిస్తుంది, ఎడమచెయ్యి భావం చూపిస్తుంది. ఆవిడ ఎడమచేతిలో ఇప్పుడు మా పాప. “ఎడమచెయ్యి ఖాళీ లేదు, కనుబొమ్మలు చూడుండ్రి” అనేవారు. నిజంగానే మేము ఆ నెరిసిన కనుబొమ్మలను చదవడం నేర్చుకున్నాం. డ్రమ్ముల మోతలో హాయిగా నిద్రపోయే పాప, సంగీతం ఆగగానే లేచేది. “చూసినవా, నీ బిడ్డకు సప్పుడు లేకపోతే గూడ వినొస్తది” అని మురిసిపోయేవారు.

కచేరీకి వారం ముందు ఆవిడ వెళ్లిపోయారు.

కచేరీ మానేద్దామని కొందరు, వాయించాల్సిందేనని కొందరు. ఆవిడ చోట మరొకరిని నిలబెట్టడానికి మాత్రం ఎవరికీ మనసొప్పలేదు. చివరికి అందరి చూపూ నా మీద పడింది. మొదలుపెట్టాల్సింది నేను. నేను వాయిస్తేనే కచేరీ, లేకపోతే లేదు. తల ఊపుతానన్న మనిషి లేరు. వాయిస్తానని ఏ ధైర్యంతో అన్నానో నాకే తెలియదు.

కచేరీ సాయంత్రం, ఆవిడ నిలబడే చోట ఖాళీ స్టాండు మీద ఆవిడ పుల్ల ఉంచాం. పాప ముందు వరుసలో మా అత్తయ్య ఒళ్లో నిద్రపోతోంది. నేల మీద కూర్చుని, అలవాటుగా పైకి చూశాను. అక్కడ ఎవరూ లేరు. కమాను తీగ మీద పెట్టాను గాని, వచ్చింది స్వరమో వణుకో చెప్పలేను. మిగతావాళ్లు ఒక్కొక్కరూ ఒక్కోచోట అందుకున్నారు. ఎవరి కళ్లకూ కాగితం కనబడటం లేదు. ఎలాగో చివరికి చేరి ఆగాం.

రెండోసారి వాయించాలని అందరికీ తెలుసు. కానీ ఆ మాట చెప్పాల్సింది ఆవిడ. సంగీతం ఆగడంతో పాప లేచి సన్నగా రాగం అందుకుంది. అప్పుడు ముందు వరుసలోంచి వెంకటరత్నం గారు లేచి నిలబడ్డారు.

“అయిపోయిందాండీ?” అన్నారు, ఖాళీ స్టాండు వైపు చూస్తూ. “ఇంకా శృతి చేసుకుంటున్నారేమో అనుకున్నాను...”

ముందు యాదగిరి నవ్వాడు. తరువాత హాలంతా, కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. నవ్వేసరికి నా చేతుల వణుకు ఎక్కడికి పోయిందో పోయింది.

“శృతి అయింది సార్. జర వినుండ్రి, మళ్ల వాయిస్తం” అన్నాను. నా కాకినాడ గొంతులో ఆ మాట వినగానే మళ్లీ నవ్వులు. అటు ఇటు చూశాను. వాద్యబృందంలో ప్రతి ఒక్కరూ నావైపే కనుబొమ్మలు ఎగరేసి చూస్తున్నారు. మొదలుపెట్టాను. నాలుగు స్వరాలు సాగకముందే పాప నిద్రపోయింది. ఎవరెక్కడ అందుకోవాలో అక్కడే అందుకున్నారు, ఒకరి కనుబొమ్మలు ఒకరు చూసుకుంటూ.

చప్పట్లు ఆగాక వెంకటరత్నం గారు నా దగ్గరికి వచ్చి, “ఇప్పుడు చెవులతో విన్నానమ్మా” అన్నారు.

ఈ నగరంలో కొత్త పాటకు తలుపు తీసి, కుర్చీ వేసి, అవసరమైతే దానితోపాటు నేల మీద కూర్చున్న మనిషి మరొకరు లేరు. ఆ లోటు తీరేది కాదు. గ్రేసమ్మ గారూ, ఆ సాయంత్రం మొదటిసారి మేము వాయించింది మా దిగులు. రెండోసారి వాయించింది మీ పాట. రెండూ మీ పాదాల దగ్గరే పెడుతున్నాను.