రాణిగారి చేతి తొడుగులు

"ఏమ్మా, రాణిగారి చేతులు నీకెలా వచ్చాయి?"

బస్‌స్టాపులో ముక్కూమొహం తెలియని మనిషి అడిగాడు. అడిగింది లాండ్రీలో ఇస్త్రీ చేసే ఒక యాభై రెండేళ్ల ఆవిడని. ఆమె మడత పెడితే దుప్పటి అంచులు గీత గీసినట్టు కలుస్తాయని తోటివాళ్లు మడతక్క అంటారు. ఆమె చేతులు రెండూ సంచిలో దూర్చి, బస్సు వదిలేసి, నడుచుకుంటూ ఇంటికి వచ్చింది.

చేతులు ఆమెవే. రాణి తన చిత్రం కోసం బొమ్మలాయనకు ఇచ్చింది రెండు పూటలు. ఆ రెండు పూటల్లో మొహం అయింది. మిగతా ఒంటికి ఎవరో ఒకరు కూర్చోవాలి. ఆయన చొక్కాలు వచ్చేది ఆ లాండ్రీకే కాబట్టి మడతక్కను అడిగాడు. పదకొండు ఆదివారాలు ఆమె ఒళ్లో చేతులు పెట్టుకుని ఆయన గదిలో కూర్చుంది. రాణి చేతుల్ని నాజూకుగా దిద్దడం ఆ వృత్తిలో మర్యాద. ఈయన ఆ మర్యాద పాటించలేదు. లావెక్కిన కణుపులు, ఆవిరికి ఉబ్బిన చర్మం, ఎడమ మణికట్టు మీద ఇస్త్రీపెట్టె అంచు కాల్చిన మచ్చ, అన్నీ ఉన్నవి ఉన్నట్టు దించేశాడు.

చిత్రం గ్యాలరీలో పెట్టిన రోజే ఊరు భగ్గుమంది. మా రాణిని పనిమనిషిని చేశారని మెట్ల మీద జనం కేకలు. ఒక పత్రిక ఇది ద్రోహమంది. ఇంకొకటి శ్రమకు కిరీటం పెట్టారని మురిసిపోయింది. ఆ చేతులు ఎవరివని మాత్రం రెండూ అడగలేదు.

ఇంట్లో వదినకు ఒక్కర్తికే తెలుసు. ఆమె ఊరుకునే రకం కాదు.

"రాణీవారు గిన్నెలు తోముతారా, లేక ఈ దాసినే తోమమంటారా?"

"మొహమే కదా వదినా ఆవిడది. తోమేది చేతులు. ఇలా ఇవ్వు."

ఆరో వారంలో గ్యాలరీ కమిటీ తేల్చింది: చేతులకు తెల్ల తొడుగులు వేయించాలి. బొమ్మలాయన తలూపాడు. మంగళవారం గ్యాలరీ మూసి పని మొదలుపెట్టించారు.

ఆ మంగళవారం పదకొండింటికి మడతక్క హోటలు దుప్పటి ఇస్త్రీ చేస్తోంది. ఎడమ చిటికెన వేలికి ఎవరో పల్చటి గుడ్డ తొడుగుతున్నట్టు అనిపించింది. విదిలించుకుంది. పోలేదు. తర్వాత పక్క వేలు. ఆ తర్వాత నడిమి వేలు. తొందరేమీ లేదు, ఒక్కో వేలికీ పావుగంట. సాయంత్రానికి రెండు చేతులూ మణికట్ల దాకా మొద్దుబారాయి. నొప్పి లేదు, వేళ్లు ఆడుతున్నాయి. గుడ్డ తడిగా ఉందో ఆరిందో తెలియడం లేదు, అంతే.

ఆ పనిలో 'అంతే' అంటే అంతా అన్నమాట. ఇస్త్రీపెట్టెకు అంకెలుంటాయి, గుడ్డకు ఉండవు. తడి ఎంత మిగిలిందో వేలికొసే చెప్పాలి. బుధవారం ఆమె రెండు దుప్పట్లు మాడ్చింది.

"ముప్ఫై ఏళ్లలో నీ కింద ఒక్క మరక పడలేదక్కా, ఏమొచ్చింది?" అన్నాడు సూపర్‌వైజరు.

"చేతులకి తెలియట్లేదయ్యా."

"వారం చూస్తాను. ఆ పైన నన్నేమీ అనొద్దు."

డాక్టరు సూదితో పొడిచి చూసి, నరాలన్నాడు. ముప్ఫై ఏళ్లు ఆవిరిలో నానిన నరాలు ఏమైనా చేస్తాయి. మహిమల కన్నా నరాలే నమ్మదగ్గవి. గురువారం జరిగింది మాత్రం నరాల లెక్కలో ఇమడదు.

రాణి చేతులకు తొడుగులు వేస్తున్నారని పత్రికలో చూసి, ఆ రోజు ఆమె గ్యాలరీకి వెళ్లింది. బొమ్మలాయన తొడుగుల ముడతలకు నీడలు దిద్దుతున్నాడు.

"ఏ వేలితో మొదలుపెట్టారు?"

"ఎడమ చిటికెన వేలు. ఏం?"

"ఎన్నింటికి?"

"పదకొండు అయ్యుంటుంది." అప్పుడు ఆయన వెనక్కి తిరిగి ఆమె చేతులు చూశాడు.

"ఒక్క వేలు తుడవండి బాబూ. కుడి చూపుడు వేలు. కొస చాలు. నా పనంతా దాంతోనే."

"కమిటీవాళ్లు నన్ను బతకనిస్తారా?"

"పదకొండు ఆదివారాలు కదలకుండా కూర్చున్నాను. ఒక్కటైనా అడిగానా?"

కింది రంగు ఎప్పుడో ఆరిపోయింది. పై రంగు ఇంకా పచ్చిగానే ఉంది. ఆయన దూదిని టర్పెంటైన్‌లో ముంచాడు. ఆమె చూడలేక గోడవైపు తిరిగింది. ఇద్దరి మధ్యా ఆరడుగుల దూరం.

"చల్లగా తగిలింది," అంది. కాసేపటికి, "మండుతోంది. ఇక చాలు."

దూది ఆయన చేతిలోంచి జారిపోయింది.

ఆ ఒక్క వేలితో మడతక్క శుక్రవారం, శనివారం, సోమవారం పనిచేసింది. ఒక్క దుప్పటీ మాడలేదు. శనివారమే గ్యాలరీ తెరిచారు. తొడుగులు చూసి శాంతించవలసిన జనం, చిత్రానికి ముక్కు ఆనించి వెతికి, కందిగింజంత చర్మం పట్టుకున్నారు. రాణిగారి తొడుగుకు చిరుగా! కోటలో సూదీదారం కరువా! సోమవారానికి మెట్ల మీద మళ్లీ కేకలు. మొన్న చేతులు కనబడ్డాయని కోపం, ఇప్పుడు కొస కనబడిందని. కమిటీ ఈసారి బొమ్మలాయనను నమ్మలేదు. మంగళవారం వేరే చిత్రకారుణ్ణి పిలిపించి ఆ కొస కప్పించి, చిత్రానికి ముందు దళసరి అద్దం బిగించారు.

మడతక్కకు ఆ కబురు ఎవరూ చెప్పలేదు. మూడింటికి, దుప్పటి సగంలో ఉండగా, ఆ వేలు దీపంలా ఆరిపోయింది. గుడ్డ మాడిన వాసన ఆమె కన్నా ముందు పక్క బల్లవాళ్లకు తెలిసింది.

ఆ సాయంత్రం వదిన టీ గ్లాసు అందిస్తూ, "అంచు పట్టుకో, కాలుతుంది," అంది. మడతక్క పొగలు కక్కే గ్లాసును అరచేతుల మధ్య పట్టుకుని నిదానంగా తాగింది. ఏది పట్టుకున్నా మధ్యలో అద్దం ఉన్నట్టుందని చెప్పింది. వదిన గ్లాసు లాక్కుని చూస్తే అరచేతులు ఎర్రగా కమిలి ఉన్నాయి.

బుధవారం సూపర్‌వైజరు ఆమెను పనిలోంచి తీసేశాడు. మూడు దుప్పట్ల వెల కోసుకోగా రావలసిన పన్నెండు రోజుల జీతం లాండ్రీ ఇంకా ఇవ్వలేదు.