కింది గొంతు వింటన్

కింగ్‌స్టన్ బజారులో కొబ్బరిబొండాలు కొట్టే వింటన్ ఒకప్పుడు ముగ్గురు కలిసి పాడే రెగే బృందంలో కింది గొంతు. ఒకరు అసలు వరస పాడితే, ఒకరు దానికి పైన, వింటన్ దానికి కింద వేరే వరసలు కలిపేవారు. ఊరూరా తిరిగి పాడినా అసలు వరస ఎన్నడూ అతనిది కాదు. బొండాలు కొడుతూ ఇప్పటికీ తన కింది వరసే తీస్తుంటాడు.

"రేడియోలో వచ్చే ఆ పాట నీదేనటగా? ఏదీ, పాడు!" అన్నాడు బొండం తాగుతున్న టాక్సీ డ్రైవరు.

వింటన్ తన కింది వరసే హాయిగా పాడాడు.

"ఇదా ఆ పాట? కోతలు కొయ్యకు తాతా!"

పక్కనే దుంపలమ్మే అతని భార్య ఐసిల్డా తలెత్తకుండానే అసలు వరస అందుకుంది. వింటన్ గొంతు దాని కింద ఒదిగి కూర్చుంది. బజారంతా ఆ పాటే అయింది. డ్రైవరు నోరెళ్లబెట్టాడు.

"పై గొంతు ఖాళీగానే ఉంది నాయనా," అంది ఐసిల్డా. "ఎటూ నోరు తెరిచే ఉన్నావుగా, అందుకోరాదూ?"