మానేరు గట్టున పడవలాపిన దేవయ్య బావ

నీటికి గట్టును, మనిషికి ఊపిరిని ఇచ్చిన దేవునికి ముందుగా స్తోత్రం. ఆయన చిత్తం మీద నాకు ఫిర్యాదు లేదు.

మా అక్క పెనిమిటి దేవయ్య బావ గురువారం మధ్యాహ్నం ప్రభువు సన్నిధికి చేరాడు. గుండెనొప్పి అన్నాడట, తంగళ్ళపల్లి నుంచి సిరిసిల్ల దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది. "బాపు లేడు మామా" అని ఆయన బిడ్డ ఫోన్‌లో ఏడుస్తుంటే, "ఏ దవాఖానల ఉన్నరు బిడ్డా, నేనస్తున్న" అన్నాను. లేడన్న మాట నా తలకెక్కలేదు.

మా ఊరు మానేరు జలాశయంలో మునిగినప్పుడు భూమి ఉన్నవారికి పరిహారమైనా వచ్చింది; కౌలుకు, కూలికి బతికిన మాకు ఉన్న పని పోయింది. బావ కోరుట్ల ఏజెంటును పట్టుకొని బహ్రెయిన్ వెళ్లి చేపల పడవలో చేరాడు. అక్కడ ఒకరోజు తోటివాడు వలతో పాటు సముద్రంలోకి జారాడు. సాయంత్రం దాకా వెతికినా దొరకలేదు. దాని గురించి బావ ఒకే మాట అనేవాడు: "లైఫ్ జాకెట్ పడవల్నే ఉండె, మనిషే లేకపాయె."

తిరిగొచ్చాక మాతో పాటు జలాశయంలో వల వేశాడు. లైఫ్ జాకెట్లు కొనడానికి నన్ను జగిత్యాల తీసుకెళ్లాడు. దుకాణంలోనే ఒకటి తొడుక్కొని, "భుజాల కాడ పట్టి లేవట్టు బామ్మర్దీ" అన్నాడు. లేపితే అది ముక్కు దాకా వచ్చింది. "నీళ్లల్ల గిది మీదికస్తది, నేను కిందికి పోత" అని పక్కన పడేశాడు. కాళ్ల మధ్య నుంచి పట్టీ వచ్చేది, దూరానికి కనబడే నారింజ రంగుది ఏరాడు. విజిళ్లను గ్లాసు నీళ్లలో ముంచి ఊది చూశాడు. తడిసినా మోగినవే తీసుకున్నాడు. దుకాణదారు నవ్వి, "సముద్రానికి పోతున్నవా ఏంది?" అన్నాడు.

"మునగనీకె సముద్రమే కావాల్నా సేటూ? నడుము లోతు సాలదా?"

మా పునరావాస కాలనీవాళ్లు ఆ జాకెట్లను మాసిపోతాయని ప్లాస్టిక్ కవరు తీయకుండా పీటల్లా వేసుకొని కూర్చునేవారు. బావ మోకాలి లోతు నీటిలో నిలబడి పడవ ముక్కు పట్టుకునేవాడు. బకిల్ పడే దాకా వదిలేవాడు కాదు. "గీడ నన్ను తిట్టుర్రి, గాడ వోయి మొత్తుకోకుర్రి" అనేవాడు.

అందరికంటే మొండివాణ్ణి నేనే. సంఘంలో వాక్యం చెప్పేవాణ్ణి కదా! "దేవుడుండంగ గీ స్పంజి ముక్కెందుకు బావా?" అన్నాను.

"జలప్రళయానికి ఓడ కట్టినాయన మొక్కి ఊకున్నడా? నీళ్లు సొరకుంట లోపట బయట కీలు గూడ పూసిండాయె. మొన్న ఐతారం నువ్వే జెప్పినవ్!"

అందరూ నవ్వారు. కోపంతోనే తొడుక్కున్నాను.

ఆ రోజే, బావా నేనూ ఒకే పడవలో ఉండగా, గాలి లేచింది. వల సగం లాగి, గట్టుకు అడ్డదారిన పడవ తిప్పాను. "గిది మనం కౌలుకు జేసిన మడే. గీడేముంటది?" అన్నాను. నీటి మీద కూడా పాత ఊరిని బట్టే దారి చూసుకునే అలవాటు మాది. మడి గుర్తుంది గానీ, దాని ఒడ్డున తీగలు తీసి వదిలేసిన కరెంటు స్తంభం గుర్తు రాలేదు. వల దానికి తగులుకుంది. గాలికి పడవ గిర్రున తిరిగి బోల్తాపడింది. దున్నేటప్పుడు ఎడ్ల పగ్గం చుట్టుకున్నట్టు వలతాడును మణికట్టుకు చుట్టుకొని ఉన్నాను. బావ ఎన్నిసార్లు వద్దన్నాడో! జాకెట్ పైకి లాగుతోంది, తాడు కిందికి లాగుతోంది. నోట్లోకి నీళ్లు వస్తున్నాయి. ప్రార్థన కూడా తోచలేదు.

బావ తాడు పట్టుకొని నా దగ్గరికి పాకాడు. ఛాతీకి కట్టుకున్న చిన్న కత్తి తీసి తాడు కోశాడు. తర్వాత విజిల్ ఊదుతూనే ఉన్నాడు. అది విని మా కాలనీ నర్సయ్య పడవ వచ్చి మమ్మల్ని ఎత్తుకుంది.

గట్టు మీద పడి, "దేవుడే కాపాడిండు" అన్నాను. "కాపాడిండు. మల్ల తాడు సుట్టకు" అన్నాడు బావ.

శుక్రవారం సమాధి చేశాం. శనివారం పొద్దున గట్టుకు వెళ్తే, ఆనాడు మమ్మల్ని ఎత్తుకున్న నర్సయ్యే జాకెట్ లేకుండా బయలుదేరుతున్నాడు. పిలిచాను. "ఇయ్యాల ఒక్కనాడు ఇడిసిపెట్టన్నా, దగ్గర్నే ఏస్త" అంటూ తెడ్డు వేశాడు. బావ మాటకు ఆగినవాడు నా మాటకు ఆగలేదు. రోజంతా ఆకాశం వైపు చూస్తూనే ఉన్నాను. సాయంత్రం బొచ్చె చేపలతో నవ్వుకుంటూ దిగాడు: "సూసినవా అన్నా, నాకేం గాలేదు!"

స్తోత్రం చెప్పాను. కానీ ఆయన క్షేమంగా రావడమే నన్ను ఎక్కువ భయపెట్టింది. రేపూ అట్లాగే పోతాడు. ఆయనను చూసి ఇంకొకడు పోతాడు. బావ పోయిన లోటు ఎంతటిదో నాకు అప్పుడు తెలిసింది.

చదువుతున్న సహోదరులారా, నాతో కలిసి అడగండి: ప్రభువా, మా అక్కను, ఆమె బిడ్డను ఓదార్చు. నర్సయ్య ఇంకా నీళ్ల మీదికి పోతూనే ఉన్నాడు. ఆయనకు వినే చెవినివ్వు, మాకు విసుగెత్తని నోరివ్వు. నీవిచ్చిన తెలివిని విశ్వాసం పేరు చెప్పి మేము పారేసుకోకుండా కాపాడు. ఆమెన్.